నికొలస్ కోవ్

నికొలస్ కోవ్ (1891 - 1958) హంగేరీలో జన్మించి బ్రిటన్‌లో స్థిరపడిన వ్యాపారవేత్త, ఎయిర్‌ఫిక్స్ సంస్థ స్థాపకుడు. పూర్వపు యుద్ధవిమానాల నమూనాలను నిర్ణీత నిష్పత్తిలో ప్లాస్టిక్ భాగాలతో కూర్చుకొనే అభిరుచి బ్రిటన్‌లో సామాన్యుల ఇళ్ళకు చేరడానికి ప్రధాన కారణం ఈ సంస్థే. ఇంత పేరు తెచ్చిన ఈ వస్తువుల మీద కోవ్‌కు ప్రత్యేకమైన ఆసక్తి ఉండేది కాదు. సంస్థ తయారుచేసిన మొట్టమొదటి విమానపు నమూనాను అతను మొదట వ్యతిరేకించాడు కూడా.

తొలి జీవితము

కోవ్ 1891లో హంగేరీలోని ఒక యూదు కుటుంబములో జన్మించాడు. పుట్టినప్పటి పేరు మిక్లోష్ క్లైన్. అప్పట్లో హంగేరీ ఆస్ట్రో-హంగేరియన్ సామ్రాజ్యములో భాగము. మొదటి ప్రపంచ యుద్ధములో అతను ఆ సామ్రాజ్యపు అశ్వికదళములో పనిచేశాడు. యుద్ధములో రష్యన్లకు బందీగా చిక్కి సైబీరియాకు తరలించబడ్డాడు. అక్కడి నుండి తప్పించుకొని స్వదేశము చేరుకున్నాడు.

యుద్ధానంతరము ఆస్ట్రో-హంగేరియన్ సామ్రాజ్యము ముక్కలయింది. 1919లో బేలా కున్ నాయకత్వములో హంగేరీలో కమ్యూనిస్టు ప్రభుత్వము ఏర్పడినపుడు కోవ్ అందులో ఒక పదవి నిర్వహించాడు. ఆ ప్రభుత్వము నాలుగున్నర నెలలకే కూలిపోయింది. దానితో సంబంధమున్నవారికీ యూదులకూ కూడా ఆ తరువాతి హంగేరీ క్షేమకరమైన చోటు కాదు. కోవ్ దేశము విడిచి వెళ్ళిపోయాడు.

వలసలు

స్పెయిన్‌లోని బార్సిలోనాలో కోవ్ ప్లాస్టిక్ వ్యాపారము ప్రారంభించాడు. అప్పటికి ప్లాస్టిక్ ఇంకా కొత్త పదార్థము. దానితో ఏ వస్తువు చేస్తే అమ్ముడుపోతుందో కనిపెట్టడమే అందులోని నేర్పు. తరువాత ఇటలీకి మారి, చొక్కాల కాలర్లు ముడత పడకుండా బిరుసుగా నిలిచే ఒక పద్ధతిని రూపొందించి దానికి ఇంటర్‌ఫిక్స్ అని పేరు పెట్టాడు. తరువాతి సంస్థ పేరులోని చివరి భాగము దీనిలో అప్పటికే ఉన్నది.

1938లో ముసోలినీ ప్రభుత్వము ఇటలీలో యూదులకు వ్యతిరేకముగా జాతి చట్టాలు చేసింది. ఆ సంవత్సరమే కోవ్ బ్రిటన్ చేరుకున్నాడు. అప్పటికి అతని వయసు నలభై ఏడు సంవత్సరాలు. హంగేరీ, స్పెయిన్, ఇటలీలను దాటి వచ్చి, అతను నాలుగవ దేశములో మళ్ళీ మొదటి నుండి ఆరంభించవలసి వచ్చింది.

ఎయిర్‌ఫిక్స్ స్థాపన

1939లో లండన్‌లో కోవ్ ఎయిర్‌ఫిక్స్ సంస్థను స్థాపించాడు. ఈ పేరు చూసి సంస్థ విమానాల కోసమే పుట్టిందని చాలామంది పొరబడతారు. నిజానికి సంస్థ తొలి ఉత్పత్తులు గాలి నింపిన చవక రబ్బరు బొమ్మలు. వర్తక సూచికలలో కంపెనీల పేర్లు అక్షరక్రమములో ఉంటాయి కనుక, తన సంస్థ పేరు ముందు వరుసలో కనబడాలని కోవ్ ఆ అక్షరాలతో మొదలయ్యే పేరు ఎంచుకున్నాడు. విమానాల నమూనాలకు ఇంతకన్నా తగిన పేరు దొరకదనిపించేంతగా ఆ పేరు తరువాత అతికిపోయింది. అది కేవలము కాకతాళీయము.

రెండవ ప్రపంచ యుద్ధకాలములో మలయా జపాన్ వశము కావడముతో బ్రిటన్‌లో రబ్బరుకు కరవు ఏర్పడింది. రబ్బరు బొమ్మల వ్యాపారము సాగే స్థితి లేక సంస్థ ప్లాస్టిక్ వైపు మళ్ళింది. 1947లో ఎయిర్‌ఫిక్స్ ఇంజెక్షన్ మౌల్డింగ్ పద్ధతిని ప్రవేశపెట్టింది. కరిగించిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోనికి అధిక పీడనముతో ఎక్కించి, చల్లారగానే అచ్చు తెరచి వస్తువును బయటకు తీయడము ఈ పద్ధతి. దీనితో మొదట చేసినవి జేబు దువ్వెనలు. కొద్దికాలములోనే ఎయిర్‌ఫిక్స్ బ్రిటన్‌లోని ప్రధాన దువ్వెనల తయారీదారులలో ఒకటయింది.

ఈ పద్ధతిలోని ఆర్థిక సూత్రము కోవ్ స్వభావమునకు సరిగ్గా సరిపోయింది. అచ్చు చేయించడానికి చాలా ఖర్చవుతుంది, ఆ తరువాత ఒక్కొక్క వస్తువుకు అయ్యే ఖర్చు అతి స్వల్పము. కాబట్టి వేల సంఖ్యలో అమ్ముడుపోయేదానికే అచ్చు చేయించాలి. దువ్వెన అందరికీ కావాలి. విమానపు బొమ్మ ఎందరికి కావాలి? కోవ్ తరువాతి అభ్యంతరాలన్నిటికీ మూలము ఈ లెక్కలోనే ఉన్నది. దానిని కేవలము మొండితనముగా చిత్రించడము న్యాయము కాదు.

ట్రాక్టరు, ఓడ

1949లో ఫెర్గూసన్ సంస్థ తన టీఈ20 ట్రాక్టరుకు ప్రచార నమూనా ఒకటి చేసిపెట్టమని ఎయిర్‌ఫిక్స్‌ను కోరింది. ఫెర్గూసన్ విక్రయ ప్రతినిధులకు పంచడానికి ఉద్దేశించిన ఈ నమూనాను సెల్యులోజ్ ఎసిటేట్‌తో పోతపోసి, భాగాలను చేతితో కూర్చేవారు. కూర్పుకు శ్రమ, ఖర్చు ఎక్కువ. దానితో భాగాలను విడివిడిగానే ఉంచి, కూర్చుకొనే పని కొనుగోలుదారునికే వదలి, వూల్‌వర్త్ దుకాణాల ద్వారా కిట్టుగా అమ్మారు. ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన ఈ ఏర్పాటే చివరకు కొనేవారికి అసలు ఆకర్షణ అయింది.

తరువాత వూల్‌వర్త్ కొనుగోలు అధికారి జిమ్ రస్సన్ సూచన మేరకు, 16వ శతాబ్దములో ఫ్రాన్సిస్ డ్రేక్ భూప్రదక్షిణ చేసిన గోల్డెన్ హైండ్ ఓడ నమూనాను ఎయిర్‌ఫిక్స్ తయారుచేసింది. దీనికి ఎసిటేట్ బదులు పాలిస్టైరీన్ వాడారు. ఎసిటేట్ కాలక్రమములో వంకర తిరుగుతుంది, పాలిస్టైరీన్ ఆకారము నిలుపుకొంటుంది. పైగా తగిన జిగురు పాలిస్టైరీన్ అంచులను కొద్దిగా కరిగించి రెండు భాగాలనూ ఒకటిగా కలిపివేస్తుంది. రెండు షిల్లింగుల ధరకు అమ్మాలన్నది వూల్‌వర్త్ షరతు. అట్టపెట్టె పెడితే ఆ ధర గిట్టదు. అందువలన భాగాలను ప్లాస్టిక్ సంచిలో వేసి, పైన మడచిన కాగితము తగిలించి, ఆ కాగితము మీదనే కూర్పు సూచనలు అచ్చువేశారు. ఈ సంచి రెండు దశాబ్దాల పాటు బ్రిటిష్ బాలురకు బాగా పరిచితమైన వస్తువు.

స్పిట్‌ఫైర్

ఓడ విజయవంతము కావడముతో తరువాత ఏమి చేయాలన్న ప్రశ్న వచ్చింది. అప్పటికి సంస్థ వ్యవహారాలలో రాల్ఫ్ ఎర్మాన్, జాన్ గ్రే ముఖ్యులు. బ్రిటన్ యుద్ధములో పేరు పొందిన సూపర్‌మెరీన్ స్పిట్‌ఫైర్ విమానపు నమూనా చేయాలన్న ఆలోచన ముందుకు వచ్చింది. అది అమ్ముడుపోతుందని కోవ్ నమ్మలేదు. అచ్చు ఖర్చును ఆ పనికి పూనుకున్నవారి వద్దనే వసూలు చేస్తానని బెదిరించాడు. వారు వెనుకాడలేదు. ఈ కిట్టు విడుదలైన సంవత్సరము పాత గ్రంథాలలో 1953 అనీ, తరువాతివాటిలో 1955 అనీ కనిపిస్తుంది.

కిట్టు బాగా అమ్ముడుపోయింది. అయితే అది అసలు విమానమును కొలిచి చేసినది కాదు. అమెరికాకు చెందిన అరోరా సంస్థ 1/48 నిష్పత్తిలో చేసిన కిట్టును 1/72కు కుదించి చేసినది. అరోరా నమూనాలోని ఆకారదోషాలు కూడా చిన్నవై దీనిలోనికి వచ్చాయి. దాని పక్కన ఉన్న గుర్తింపు అక్షరాలను బట్టి సేకర్తలు దీనిని బీటీకే అని పిలుస్తారు. చారిత్రకముగా చూస్తే నాసిరకపు నమూనా అనక తప్పదు. అయినా ఈ అభిరుచి చరిత్రలో దీనికున్న స్థానము, దీనికన్నా ఎన్నో రెట్లు మేలైన నమూనాలకు లేదు.

నిష్పత్తి, ఖచ్చితత్వము

1/72 నిష్పత్తి ఎయిర్‌ఫిక్స్ కనిపెట్టినది కాదు. ఆరు అడుగులను ఒక అంగుళముగా చూపే ఈ కొలతను 1932లో జేమ్స్ హే స్టీవెన్స్ రూపొందించిన స్కైబర్డ్స్ కర్ర నమూనాలు ప్రచారములోనికి తెచ్చాయి. 1936లో ఫ్రాగ్ పెంగ్విన్ పేరుతో వచ్చిన ఎసిటేట్ కిట్లు కూడా ఇదే నిష్పత్తిని అనుసరించాయి. రెండవ ప్రపంచ యుద్ధములో స్వపక్ష, శత్రు విమానాలను గుర్తుపట్టడము నేర్పడానికి వాడిన నమూనాలకూ ఇదే కొలత. 1942లో అమెరికా నౌకాదళము ఇటువంటి కర్ర నమూనాలను ఉన్నత పాఠశాలల విద్యార్థుల చేత చెక్కించింది. అంటే తరువాత ఆటవస్తువుగా చూడబడిన ఈ కొలత ఒకప్పుడు ప్రాణరక్షణకు సంబంధించిన పాఠము. ఎయిర్‌ఫిక్స్ తన విమానాలలో అత్యధిక భాగమునకు దీనినే స్థిరపరచుకోవడముతో, వివిధ విమానాలను పక్కపక్కన నిలిపి అసలు పరిమాణాలను పోల్చడము సాధ్యమయింది.

స్పిట్‌ఫైర్ రెక్కల విస్తారము 11.23 మీటర్లు. 1/72లో అది 15.6 సెంటీమీటర్లు మాత్రమే. ఈ కొలతలో ఒక మిల్లీమీటరు తేడా అసలు విమానములో 7.2 సెంటీమీటర్లతో సమానము. నమూనా మీద అర మిల్లీమీటరు వెడల్పున ఉబ్బిన రివెట్టు, అసలు విమానము మీద మూడున్నర సెంటీమీటర్లకు మించిన బొడిపె అవుతుంది. అందుకే పట్టుదల ఉన్నవారు పాత కిట్లలోని ఉబ్బెత్తు రివెట్లను గరుకు కాగితముతో రుద్ది తీసివేసి, రేకుల అతుకు గీతలను సూదితో సన్నగా గీసుకొని, రెక్కల వెనుక అంచులను పలుచన చేసుకొంటారు.

ఆకారము కుదిరిన తరువాత రంగుల సమస్య వస్తుంది. యుద్ధవిమానము ఎప్పుడూ ఒకే రూపములో ఉండదు. 1940 ఆరంభములో బ్రిటిష్ పోరాట విమానాల అడుగుభాగము ఒక సగము నలుపు, ఒక సగము తెలుపుగా ఉండేది. అదే సంవత్సరము జూన్ నుండి స్కై అనే లేత ఆకుపచ్చ ఛాయకు మారింది. కాబట్టి ఒక స్పిట్‌ఫైర్‌కు రంగు వేసే ముందు అది ఏ దళమునకు చెందినదో, ఏ నెలలో ఎలా ఉండేదో తెలుసుకొనవలసి ఉంటుంది. తెలుగువారికి ఆసక్తి కలిగించే ఉదాహరణ ఒకటి ఉన్నది. నిజాము విరాళము కారణముగా హైదరాబాద్ పేరు ధరించిన బ్రిటిష్ వైమానిక దళపు 152వ స్క్వాడ్రన్ 1940 వేసవిలో వార్మ్‌వెల్ నుండి స్పిట్‌ఫైర్లను నడిపింది. వాటి పక్కల మీద యూఎం అనే గుర్తింపు అక్షరాలు ఉండేవి. స్క్వాడ్రన్ చిహ్నములో నిజాము తలపాగా ఉన్నది. ఈ దళపు విమానమును నమూనాగా చేయాలనుకొనేవారు బీటీకే అక్షరాలను పక్కన పెట్టి, సరైన అక్షరాలను ఫోటోల ఆధారముతో వేసుకోవలసినదే.

ఇంత శ్రద్ధ కోవ్ నాటి సంస్థ ఆశించినది కాదు. చవక ధర వలన లక్షల మంది ఈ పనిలోనికి వచ్చారు. వారిలో కొందరు పటాలు, ఫోటోలు ముందు పెట్టుకొని తప్పులు పట్టసాగారు. తప్పు పట్టగల కొనుగోలుదారులు పెరిగిన కొద్దీ తయారీదారులు కూడా కొలతలను పట్టించుకోక తప్పలేదు.

చివరి సంవత్సరాలు

1950ల ద్వితీయార్ధములో గ్లాస్టర్ గ్లాడియేటర్, మెసర్‌ష్మిట్ 109, వెస్ట్‌లాండ్ లైసాండర్ వంటి విమానాలు ఎయిర్‌ఫిక్స్ వరుసలో చేరాయి. 1957లో సంస్థ పబ్లిక్ కంపెనీగా మారింది. ఆ మరుసటి సంవత్సరము, 1958లో కోవ్ మరణించాడు. నాలుగు ఇంజన్ల ల్యాంకాస్టర్ బాంబరు నమూనాను ఎయిర్‌ఫిక్స్ విడుదల చేసినది కూడా 1958లోనే. సంస్థ కీర్తి శిఖరానికి చేరిన దశాబ్దాన్ని అతను చూడలేదు.

కోవ్ తరువాత

ఎర్మాన్, గ్రేల ఆధ్వర్యములో 1960లలో సంస్థ శీఘ్రముగా విస్తరించింది. 1960లో స్పిట్‌ఫైర్ 9వ రకపు కొత్త కిట్టు వెలువడింది. ఆ సంవత్సరమే ఎయిర్‌ఫిక్స్ పేరుతో మాసపత్రిక కూడా మొదలయింది. 1964 నుండి చిత్రకారుడు రాయ్ క్రాస్ వేసిన పెట్టె బొమ్మలు ఎంతో ఆదరణ పొందాయి. కొన్ని కిట్ల విషయములో పైనున్న బొమ్మ లోపలి నమూనా కంటే చారిత్రకముగా నిక్కచ్చిగా ఉండేది. 1970లో 1/24 నిష్పత్తిలో పెద్ద స్పిట్‌ఫైర్ వచ్చింది. దీని రెక్కల విస్తారము దాదాపు 47 సెంటీమీటర్లు.

1981లో ఎయిర్‌ఫిక్స్ మాతృసంస్థ దివాలా తీసింది. అమెరికాకు చెందిన జనరల్ మిల్స్ తన పాలిటాయ్ విభాగము ద్వారా కిట్ల వ్యాపారమును కొన్నది. 1986లో రంగుల తయారీదారు హంబ్రోల్ చేతికీ, 2006లో హార్న్‌బీ చేతికీ ఈ పేరు మారింది. ఈ చేతుల మార్పిడిలో కొన్ని పాత ఉక్కు అచ్చులు దశాబ్దాల తరబడి వాడుకలో నిలిచాయి. హార్న్‌బీ కాలములో కొత్త అచ్చులతో పాత విమానాలను మళ్ళీ రూపొందించారు. మ్యూజియములలోని అసలు విమానాలను లేజరుతో కొలిచి చేసిన కిట్లు కూడా వీటిలో ఉన్నాయి. కొన్ని సంవత్సరాల పాటు హార్న్‌బీ ఈ కిట్లలో చాలావాటిని భారతదేశములో పోతపోయించింది.