చండీరాణిని తీర్చిన చేయి: శ్రీమతి భానుమతీ రామకృష్ణ

నాగ్‌పాడా, కామాఠీపురా వీధుల తెలుగువారికి చలనచిత్రం దూరపు చుట్టం కాదు. తెలుగునాట నుండి తరలివచ్చి ఈ మహానగర నిర్మాణంలో రాళ్ళు మోసిన కామాఠీల ఇళ్ళకు కూతవేటు దూరంలోనే అలెగ్జాండ్రా, పిలా హౌస్ ప్రాంతపు సినిమాహాళ్ళు వెలిశాయి. 1926లో ఫాత్మా బేగం అనే వనిత ‘బుల్‌బులే పరిస్తాన్’ అనే మూకీ చిత్రానికి దర్శకత్వం వహించి, భారతదేశంలో ప్రథమ మహిళా దర్శకురాలైనది ఈ బొంబాయిలోనే. ఆ చిత్రం నేడు ఒక్క ప్రతి కూడా మిగలలేదు. ఆమె పేరు ఎరిగినవారూ అరుదే. మన భాషలో ఆ బాధ్యతను తొలిసారి స్వీకరించిన శ్రీమతి భానుమతీ రామకృష్ణ పేరు ఎరుగని తెలుగువారు మాత్రం లేరు. అయితే మన చాళ్ళలో పెద్దలు ఆమెను ‘మల్లీశ్వరి’గా తలచుకుంటారు, గాయనిగా తలచుకుంటారు, దర్శకురాలిగా తలచుకొనేవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు సమీపంలోని దొడ్డవరంలో జన్మించారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. కుమార్తెకు తొలి గురువు ఆయనే. 1939లో సి. పుల్లయ్యగారి ‘వరవిక్రయం’లో కాళింది పాత్రతో ఆమె తెరపైకి వచ్చారు. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకంలో వరకట్నానికి బలియైన ఆ బాలికే కాళింది. ఏ పురుషనటుడూ తన బిడ్డను తాకరాదన్న షరతు మీదనే తండ్రి ఆమెను నటనకు పంపారు. ఆ కాలపు సంసారుల భయం అటువంటిది.

‘కృష్ణప్రేమ’ చిత్ర నిర్మాణ సమయంలో సహాయ దర్శకులు పి.యస్. రామకృష్ణారావుగారితో పరిచయమై, 1943లో వివాహం జరిగింది. పెద్దల ఇష్టానికి వ్యతిరేకంగా జరిగిన వివాహమది. ఇక నటన మాని గృహిణిగా ఉండిపోవాలని ఆమె సంకల్పం. బి.యన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’ ఆ సంకల్పాన్ని సాగనివ్వలేదు. 1945లో విడుదలైన ఆ చిత్రం ఆమెను అగ్రశ్రేణి తారను చేసింది. పిదప దంపతులు కుమారుని పేర భరణీ సంస్థను నెలకొల్పి ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’ నిర్మించారు. రెంటికీ దర్శకులు రామకృష్ణగారే.

1953లో వచ్చిన ‘చండీరాణి’కి మాత్రం ఆమె స్వయంగా దర్శకత్వం వహించారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్ళు. దక్షిణాదిలో ఆమె కంటె ముందు, 1936లో, టి.పి. రాజలక్ష్మి తమిళంలో ‘మిస్ కమల’ తీశారు గనుక భానుమతిని దక్షిణ భారతంలోనే ప్రథమురాలనడం సరికాదు. తెలుగులో మాత్రం ఆమెకు ముందు ఎవరూ లేరు. అయినా నా దృష్టిలో ప్రథమస్థానం కంటె ఆమె తలకెత్తుకొన్న భారమే పెద్దది. ‘చండీరాణి’ తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలోనూ తయారైంది. మూడు భాషలంటే ఒక్కొక్క సన్నివేశాన్ని మూడుమారులు నడిపించాలి. అందులో నాయిక కూడా తానే, అదీ ద్విపాత్రాభినయం: కవల అక్కచెల్లెళ్ళలో సౌమ్యురాలు ఒకతె, కత్తి పట్టిన చండి మరొకతె. ఆ రోజుల్లో ఒకే వ్యక్తిని తెరపై ఇద్దరుగా చూపాలంటే, కటకంలో సగం మూసి చిత్రించి, ఫిలిమును వెనక్కి తిప్పి, రెండవ సగం తెరచి మళ్ళీ చిత్రించేవారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా శ్రమ వృథాయే. కెమెరా ముందు నిలిచిన మనిషే కెమెరా వెనుక లెక్కలూ చూసుకోవడం ఎంతటి పనో ఊహించవచ్చు. పైపెచ్చు, సంగీత దర్శకులు సి.ఆర్. సుబ్బరామన్ 1952లో అకాలమరణం చెందగా, మిగిలిన సంగీతాన్ని ఆయన శిష్యుడు ఎం.యస్. విశ్వనాథన్ పూర్తిచేయవలసి వచ్చింది. తెలుగులో నాయకుడు నందమూరి తారక రామారావుగారు.

తెలుగు వనిత తీసిన చిత్రం హిందీలోనూ మాట్లాడడం మన బొంబాయి తెలుగువారికి ప్రత్యేకంగా పట్టవలసిన విషయం. అంతకు మునుపే 1949లో జెమినీవారి ‘నిషాన్’ ద్వారా హిందీ ప్రేక్షకులకు ఆమె పరిచితురాలు.

ఇంత చేసిన వ్యక్తిని దర్శకుల వరుసలో ఎందుకు మరిచారు? ఆమె గాత్రమే ఆమె దర్శకత్వాన్ని కప్పివేసిందని నాకు తోస్తుంది. భరణీ చిత్రాలకు ఎక్కువగా భర్తే దర్శకులు కావడం మరొక కారణం. ‘విప్రనారాయణ’, ‘బాటసారి’ ఆయన పేరు మీద నిలిచాయి. ఆమె అభిమానం గల మనిషి. ‘మిస్సమ్మ’ పాత్ర కొంత చిత్రణ జరిగిన పిమ్మట నిర్మాతతో పొసగక వదులుకొన్నారు, అది సావిత్రికి దక్కింది. ఆ సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించడం ఒక విశేషం. అనంతరం విజయనిర్మల నలభైకి పైగా చిత్రాలు తీశారు.

కలం పట్టినప్పుడు ఆమె హాస్యం మరొక తీరు. ‘అత్తగారి కథలు’ ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందాయి. ఆత్మకథ ‘నాలో నేను’కు సినిమా గ్రంథాలకిచ్చే జాతీయ పురస్కారం లభించింది. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆమె ప్రధానాచార్యులుగానూ పనిచేశారు. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ వరించాయి.

1970 దశకంలో ఆమె తిరిగి దర్శకత్వం చేపట్టి ‘అంతా మన మంచికే’, ‘అమ్మాయి పెళ్ళి’ తీశారు. 1982లో ‘భక్త ధ్రువ మార్కండేయ’ను అందరూ బాలబాలికలతోనే తీశారు. రాజులు, ఋషులు, దేవతలు అందరూ పిల్లలే. బడి వార్షికోత్సవాలలో గడ్డాలు అతికించి పిల్లలచేత నాటకమాడించిన మన ఉపాధ్యాయులకు ఆ పని ఎంత ఓర్పు కోరేదో వేరే చెప్పనక్కరలేదు. భానుమతి 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.