బిల్ వెక్

విలియం లూయిస్ వెక్ జూనియర్ (ఫిబ్రవరి 9, 1914 - జనవరి 2, 1986) అమెరికాకు చెందిన బేస్‌బాల్ జట్ల యజమాని, నిర్వాహకుడు. ఇతడు బిల్ వెక్ అనే పేరుతో ప్రసిద్ధుడు. క్లీవ్‌లాండ్ ఇండియన్స్, సెయింట్ లూయిస్ బ్రౌన్స్, చికాగో వైట్ సాక్స్ అనే మూడు ప్రధాన లీగు జట్లకు వేర్వేరు కాలాలలో యజమానిగా ఉన్నాడు. వీటిలో వైట్ సాక్స్ జట్టును రెండు సార్లు కొని, రెండు సార్లు అమ్మాడు. ప్రేక్షకులను ఆకర్షించడానికి చేసిన వింత ప్రదర్శనల వలన ఇతడికి పేరు వచ్చినప్పటికీ, వృత్తి క్రీడా జట్టును కొనడంలోను, అమ్మడంలోను ఉండే ఆర్థిక, న్యాయ సంబంధమైన చిక్కులకు ఇతడి జీవితం ఒక మంచి ఉదాహరణ. తరువాతి కాలంలో హైదరాబాదుకు చెందిన డెక్కన్ ఛార్జర్స్ క్రికెట్ జట్టు విషయంలోను ఇటువంటి చిక్కులే తలెత్తాయి.

బాల్యము, కుటుంబము

వెక్ చికాగో నగరంలో జన్మించాడు. ఇతడి తండ్రి విలియం వెక్ సీనియర్ మొదట పత్రికా రచయిత. చికాగో కబ్స్ జట్టు నిర్వహణను విమర్శిస్తూ వ్యాసాలు వ్రాసిన ఆయననే జట్టు యజమాని పిలిచి బాధ్యతలు అప్పగించాడు. 1919 నుండి 1933లో మరణించేవరకు ఆయన ఆ జట్టు అధ్యక్షుడిగా పనిచేశాడు. తండ్రి మరణించినప్పుడు వెక్ కెన్యన్ కళాశాలలో చదువుతున్నాడు. చదువు మానివేసి కబ్స్ కార్యాలయంలో చిన్న ఉద్యోగిగా చేరి, క్రమంగా కోశాధికారి స్థాయికి ఎదిగాడు. కబ్స్ మైదానమైన రిగ్లీ ఫీల్డ్ గోడల వెంబడి ప్రసిద్ధి చెందిన ఐవీ తీగలను 1937లో నాటించినది ఇతడే.

తొలి జట్టు

1941లో వెక్, చార్లీ గ్రిమ్ అనే మాజీ ఆటగాడితో కలిసి, దివాలా స్థితిలో ఉన్న మిల్వాకీ బ్రూయర్స్ అనే చిన్న లీగు జట్టును అప్పుచేసి కొన్నాడు. జట్టును లాభాలలోకి తెచ్చి 1945లో అమ్మివేశాడు. నష్టాలలో ఉన్న జట్టును తక్కువ సొంత డబ్బుతో కొని, ప్రేక్షకులను రప్పించి, విలువ పెరిగిన తరువాత అమ్మడం అనే పద్ధతి ఇక్కడ మొదలైంది. ఈ మధ్యకాలంలో ఇతడు నావికాదళానికి అనుబంధమైన మెరైన్ దళంలో చేరి రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేశాడు. బోగన్‌విల్ ద్వీపంలో ఫిరంగి వెనుకకు తన్నడం వలన కాలికి తీవ్ర గాయమైంది. 1946లో ఆ కాలిని పాదము పైభాగం వరకు తొలగించవలసి వచ్చింది. ఆ తరువాత జీవితాంతం శస్త్రచికిత్సలు తప్పలేదు.

నల్లజాతి ఆటగాళ్ళతో నింపాలనే ఉద్దేశంతో యుద్ధకాలంలో ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టును కొనబోయాననీ, అధికారులు దానిని అడ్డుకున్నారనీ వెక్ తరువాత చెప్పుకున్నాడు. దీని నిజానిజాలపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు.

క్లీవ్‌లాండ్ ఇండియన్స్ (1946 - 1949)

1946 జూన్‌లో వెక్ కొందరు పెట్టుబడిదారులను కూడగట్టి క్లీవ్‌లాండ్ ఇండియన్స్ జట్టును కొన్నాడు. వారిలో హాలీవుడ్ హాస్యనటుడు బాబ్ హోప్ కూడా ఒకడు. ఈ కొనుగోలులో వెక్ ఒక ప్రత్యేక ఏర్పాటు చేశాడు. భాగస్వాములు పెట్టిన సొమ్ములో అధిక భాగాన్ని వాటాధనంగా కాక, డిబెంచర్లు అనే ఋణపత్రాల రూపంలో కంపెనీకి అప్పుగా చూపించాడు. వాటాదారుకు లాభంలో భాగం పంచితే దానిపై పన్ను కట్టాలి. అప్పు అసలును తిరిగి చెల్లిస్తే అది ఆదాయం కాదు కనుక పన్ను లేదు. ఈ విధంగా పెట్టుబడిదారులు తమ సొమ్మును త్వరగా వెనుకకు తీసుకోగలిగేవారు.

1947 జూలైలో వెక్ లారీ డోబీని జట్టులో చేర్చుకున్నాడు. అమెరికన్ లీగులో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఇతడే. 1948లో సాచెల్ పేజ్ కూడా చేరాడు. ఆ సంవత్సరం ఇండియన్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ ఒక్క ఋతువులో 26 లక్షలకు పైగా ప్రేక్షకులు మైదానానికి వచ్చారు. అప్పటికి అది రికార్డు.

అయితే 1949లో మొదటి భార్యతో విడాకుల కారణంగా వెక్‌కు నగదు అవసరమైంది. ఇతడి ఆస్తి అంతా జట్టులోని వాటా రూపంలోనే ఉన్నది. అందువలన ఛాంపియన్‌షిప్ గెలిచిన ఏడాదికే జట్టును సుమారు 22 లక్షల డాలర్లకు అమ్మవలసి వచ్చింది. 1950లో మేరీ ఫ్రాన్సెస్ ఏకర్‌మన్‌ను వివాహం చేసుకున్నాడు.

ఆటగాళ్ళపై తరుగుదల

కర్మాగారంలోని యంత్రం ఏటేటా అరిగిపోతుంది గనుక దాని విలువలో కొంత భాగాన్ని ప్రతి సంవత్సరం తరుగుదలగా ఖర్చు వ్రాయవచ్చు. ఆటగాళ్ళ ఒప్పందాలకు కూడా ఇదే సూత్రం వర్తించేలా చేసినవాడిగా వెక్‌ను పేర్కొంటారు. జట్టును కొనే వ్యక్తి కొత్త కంపెనీని స్థాపించి, చెల్లించిన ధరలో అధిక భాగం ఆటగాళ్ళ ఒప్పందాల కొరకేనని చూపించి, దానిని కొద్ది సంవత్సరాలలో ఖర్చుగా వ్రాసుకోవచ్చును.

ఒక ఊహాజనిత ఉదాహరణ: జట్టు ధర 100 లక్షల డాలర్లు, అందులో 90 లక్షలు ఒప్పందాల విలువ, కాలపరిమితి 5 సంవత్సరాలు అనుకుంటే, ఏటా 18 లక్షల తరుగుదల వస్తుంది. జట్టు వాస్తవంగా 15 లక్షలు లాభం గడించినా, లెక్కలలో 3 లక్షల నష్టం కనిపిస్తుంది. పన్ను ఉండదు. ఈ వెసులుబాటు పాత యజమానికి కాక కొత్త యజమానికే లభిస్తుంది. కాలపరిమితి ముగిసిన తరువాత జట్టును మరొకరికి అమ్మడమే లాభసాటి అవుతుంది. 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో అమెరికాలో జట్లు తరచుగా చేతులు మారడానికి ఇది ఒక కారణం.

1976లో అమెరికా పన్ను చట్టం ఒప్పందాలకు కేటాయించదగిన భాగాన్ని సాధారణంగా ధరలో సగానికి పరిమితం చేసింది. 2004 చట్టం దీనిని మార్చి, జట్టు హక్కుతో సహా దాదాపు మొత్తం ధరను 15 సంవత్సరాలలో వ్రాసుకొనడానికి అవకాశం కల్పించింది.

సెయింట్ లూయిస్ బ్రౌన్స్ (1951 - 1953)

1951లో వెక్ సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టును కొన్నాడు. అదే నగరంలో కార్డినల్స్ అనే మరింత ప్రజాదరణ కలిగిన జట్టు ఉండేది. ఒక నగరం రెండు జట్లను పోషించలేదు గనుక కార్డినల్స్‌ను నగరం విడిచిపోయేలా చేయాలని వెక్ ఆశించాడు. 1951 ఆగస్టు 19న 3 అడుగుల 7 అంగుళాల ఎత్తు కలిగిన ఎడ్డీ గెడెల్ అనే వ్యక్తిని బ్యాటింగుకు పంపడం ఈ కాలంలోనిదే.

1953లో కార్డినల్స్ యజమాని పన్ను ఎగవేత కేసులో శిక్ష పడి జట్టును అమ్మవలసి వచ్చింది. దానిని ఆన్‌హైజర్ బుష్ అనే సంపన్న బీరు తయారీ సంస్థ కొనుగోలు చేసింది. ఇక పోటీపడలేనని గ్రహించిన వెక్, ఖర్చుల కొరకు తన మైదానాన్ని ఆ సంస్థకే 8 లక్షల డాలర్లకు అమ్మి, తన జట్టును వేరే నగరానికి తరలించాలని నిర్ణయించాడు. మిల్వాకీకి వెళ్ళే మార్గం మూసుకుపోయింది. ఆ నగరంపై హక్కులున్న బోస్టన్ బ్రేవ్స్ యజమాని తన జట్టునే అక్కడికి తరలించాడు. బాల్టిమోర్‌కు వెళ్ళడానికి లీగులోని ఇతర యజమానుల ఓట్లు కావాలి. 1953 మార్చిలోను, సెప్టెంబరులోను అవసరమైన ఓట్లు లభించలేదు. టెలివిజన్ ఆదాయాన్ని అతిథి జట్టుతో పంచుకోవాలని వాదించిన వెక్‌పై ఇతర యజమానులకు ఆగ్రహం ఉన్నది.

చివరకు 1953 సెప్టెంబరు 29న వెక్ తన 79 శాతం వాటాను క్లారెన్స్ మైల్స్ నాయకత్వంలోని బాల్టిమోర్ బృందానికి 24 లక్షల 75 వేల డాలర్లకు అమ్మివేశాడు. వెక్ తప్పుకున్న వెంటనే అదే తరలింపుకు లీగు అనుమతి ఇచ్చింది. ఆ జట్టు 1954 నుండి బాల్టిమోర్ ఓరియోల్స్‌గా పేరు మార్చుకున్నది.

ఇందులోని న్యాయసూత్రం గమనించదగినది. ఒక సినిమా నిర్మాత తన చిత్రం హక్కులను అమ్ముకోవడానికి ఇతర నిర్మాతల ఓటు అవసరం లేదు. క్రీడా జట్టు అట్లు కాదు. యజమాని వద్ద ఉన్నది లీగులో సభ్యత్వం మాత్రమే. అమెరికా సుప్రీం కోర్టు 1922లో బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టాలు వర్తించవని తీర్పునిచ్చి, 1953 నవంబరులో దానిని పునరుద్ఘాటించింది. అందువలన లీగు నిర్ణయాన్ని ఆ చట్టాల క్రింద కోర్టులో సవాలు చేసే మార్గం వెక్‌కు దాదాపు లేకుండా పోయింది.

చికాగో వైట్ సాక్స్ - మొదటిసారి (1959 - 1961)

వైట్ సాక్స్ జట్టు స్థాపకుడు చార్లెస్ కొమిస్కీ కుటుంబంలో అన్నాళ్ళూ ఉన్నది. కుటుంబ ఆస్తి పంపకంలో స్థాపకుని మనుమరాలు డొరోతీకి అధిక వాటా, ఆమె తమ్ముడు చక్‌కు మిగిలిన వాటా లభించాయి. అక్కాతమ్ముళ్ళ మధ్య వ్యాజ్యాలు నడిచాయి. 1959లో డొరోతీ తన 54 శాతం వాటాను వెక్ బృందానికి అమ్మింది. చక్ కొమిస్కీ దీనిని కోర్టులలో వ్యతిరేకించాడు, తన 46 శాతాన్ని వెక్‌కు అమ్మడానికి నిరాకరించాడు. 80 శాతం వాటా చేతిలో ఉంటేనే ఆటగాళ్ళ తరుగుదల వెసులుబాటు పొందడానికి వీలయ్యేది. కనుక అల్పసంఖ్యాక వాటాదారు ఒక్కడి నిరాకరణ వలన వెక్ తాను ప్రచారంలోకి తెచ్చిన ప్రయోజనాన్ని తానే పొందలేకపోయాడు.

ఆట పరంగా ఇది విజయవంతమైన కాలం. 1959లో వైట్ సాక్స్ 40 సంవత్సరాల తరువాత లీగు విజేతగా నిలిచింది. ఆటగాళ్ళ దుస్తులపై పేర్లు ముద్రించడం, బాణసంచా పేలే స్కోరుబోర్డు 1960లో మొదలయ్యాయి. అనారోగ్యం వలన 1961లో వెక్ తన వాటాను ఆర్థర్ అలిన్‌కు అమ్మివేశాడు. 1962లో ఇతడి ఆత్మకథ వెక్ యాజ్ ఇన్ రెక్ వెలువడింది.

రిజర్వు నిబంధన

ఆటగాడిని జీవితాంతం ఒకే జట్టుకు కట్టివేసే నియమాన్ని రిజర్వు నిబంధన అంటారు. దీనిపై కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు వేసిన దావాలో 1970లో వెక్ ఆటగాడి పక్షాన సాక్ష్యం చెప్పాడు. ఫ్లడ్ 1972లో ఓడిపోయినా, 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆ నిబంధన ఆచరణలో అంతమైంది.

చికాగో వైట్ సాక్స్ - రెండవసారి (1975 - 1981)

1975లో వైట్ సాక్స్ మరల అమ్మకానికి వచ్చింది. సియాటిల్ నగరం తన జట్టును కోల్పోయినందుకు అమెరికన్ లీగుపై దావా వేసి ఉన్నది. వైట్ సాక్స్‌ను అక్కడికి తరలిస్తే ఆ దావా పరిష్కారమవుతుందని పలువురు యజమానులు భావించారు. వెక్ జట్టును చికాగోలోనే నిలపడానికి ముందుకు వచ్చాడు. ఇతడి ప్రతిపాదనలో అప్పు ఎక్కువ, వాటాధనం తక్కువ అని లీగు తిరస్కరించి, అదనపు మూలధనం తేవడానికి వారం రోజుల గడువు ఇచ్చింది. వెక్ గడువులోగా సొమ్ము సమకూర్చగా డిసెంబరు 10న ఆమోదం లభించింది. రెండు వారాలు తిరగకముందే రిజర్వు నిబంధన తొలగిపోయి ఆటగాళ్ళ వేతనాలు పెరగసాగాయి. తాను కోర్టులో వ్యతిరేకించిన నిబంధన పోవడం వలన తక్కువ మూలధనంతో నడిచే తన జట్టే దెబ్బతిన్నది. 1979 జూలై 12న డిస్కో రికార్డులను పేల్చివేసే కార్యక్రమం అల్లర్లకు దారితీసి, ఆ రోజు రెండవ ఆట రద్దయింది.

1980లో వెక్ జట్టును ఒహాయో వ్యాపారి ఎడ్వర్డ్ డిబార్టొలోకు సుమారు 2 కోట్ల డాలర్లకు అమ్మడానికి అంగీకరించాడు. కొనుగోలుదారుకు గుర్రపు పందేల మైదానాలు ఉండడం, స్థానికుడు కాకపోవడం మొదలైన అభ్యంతరాలతో లీగు రెండు సార్లు తిరస్కరించింది. చివరకు 1981 జనవరిలో జెర్రీ రైన్స్‌డార్ఫ్, ఎడ్డీ ఐన్‌హార్న్ బృందానికి అమ్మకం పూర్తయింది.

మరణం, గుర్తింపు

వెక్ 1986 జనవరి 2న చికాగోలో తన 71వ ఏట మరణించాడు. 1991లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతడికి మరణానంతరం స్థానం లభించింది.

తెలుగునాట పోల్చదగిన ఉదంతాలు

2008లో హైదరాబాదు ఐపీఎల్ జట్టు హక్కును డెక్కన్ క్రానికల్ సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పైగా ధరకు పొందింది. డెక్కన్ ఛార్జర్స్ 2009లో విజేత అయింది. సంస్థ అప్పులలో కూరుకొనడంతో 2012 సెప్టెంబరు 13న జట్టును వేలానికి పెట్టారు. సినీ నిర్మాత పొట్లూరి వరప్రసాద్‌కు చెందిన పీవీపీ వెంచర్స్ 900 కోట్ల రూపాయలకు పాడగా యాజమాన్యం అంగీకరించలేదు. మరుసటి రోజే క్రికెట్ బోర్డు హక్కును రద్దుచేసింది. బొంబాయి హైకోర్టు ఇచ్చిన గడువులోగా 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ సమకూరలేదు. అక్టోబరు 25న హైదరాబాదు హక్కును సన్ టీవీ సంస్థ ఏటా 85.05 కోట్ల రూపాయలకు దక్కించుకుని సన్‌రైజర్స్ జట్టును నెలకొల్పింది. రద్దు చెల్లదని 2020 జూలైలో మధ్యవర్తి పాత యాజమాన్యానికి సుమారు 4,800 కోట్లు ఇవ్వవలసిందిగా తీర్పునివ్వగా, 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేసింది.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లు కేంద్రంగా ఉన్న తెలుగు సినీ పరిశ్రమ ప్రముఖులు కూడా జట్ల వాటాలు కొన్నారు. కేరళ బ్లాస్టర్స్ ఫుట్‌బాల్ జట్టు 2014లో సచిన్ టెండూల్కర్, పీవీపీ సంస్థల భాగస్వామ్యంతో ప్రారంభమైంది. 2016లో నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్‌లు సచిన్‌తో భాగస్వాములయ్యారు. క్లీవ్‌లాండ్‌లో బాబ్ హోప్ వలె, వీరిలో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్‌లు కూడా సినిమా రంగం నుండి క్రీడా జట్టు యాజమాన్యంలోకి వచ్చినవారు.