డాక్టర్ ఐడా స్కడర్ గారు – కానుకల లెక్క



ఘుగ్గుస్‌లోని మన కుటుంబాలలో పెద్ద జబ్బు వస్తే, బల్లార్షాలో రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు ఆసుపత్రికి వెళ్లినవారున్నారు. ఆ ఆసుపత్రి ఎవరి కానుకలతో లేచిందో తెలిసికొనుట మనకు మేలు.

ఐడా స్కడర్ గారు 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. తాతగారు, తండ్రిగారు ఇరువురూ మిషనరీ వైద్యులే. అయినా ఈ దేశంలో సేవ చేయవలెనని ఆమెకు ఆశ లేదు. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి వెనుక ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడుమని ఆమెను వేడుకొన్నారు. ఆమె వైద్యురాలు కాదు. పురుషుడైన తండ్రిగారిని లోనికి రానిచ్చుటకు వారి ఆచారము ఒప్పుకొనలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ రాత్రి ఆమె జీవితాన్ని మార్చివేసింది. 1899లో అమెరికాలో వైద్యవిద్య ముగించి, మరుసటి యేడు వేలూరు చేరారు.

బయలుదేరక ముందే ఆమె స్త్రీల ఆసుపత్రికై 8 వేల డాలర్లు పోగుచేయ పూనుకొన్నారు. షెల్ అను ధనికుడు తన భార్య జ్ఞాపకార్థము 10 వేలు ఇచ్చారు. ఆ సొమ్ముతో 1902లో 40 పడకల ఆసుపత్రి తెరవబడింది. 1918లో స్త్రీల వైద్య పాఠశాల ఆరంభమైంది.

ఇక్కడ మన బాప్టిస్టుల పాలు ఉంది. మద్రాసులో తెలుగువారి మధ్య పరిచర్య చేసిన లూసీ పీబాడీ గారు, ఆసియాలోని ఏడు స్త్రీల కళాశాలలకై అమెరికా సంఘ స్త్రీలను కదిలించారు. 20 లక్షల డాలర్లు స్త్రీలు కూర్చితే మరి 10 లక్షలు ఇత్తుమని రాక్‌ఫెల్లర్ నిధివారు మాట ఇచ్చారు. 1923 నాటికి స్త్రీలు ఆ మొత్తము కూర్చారు. వేలూరు ఆ ఏడింటిలో ఒకటి.

తరువాత కఠినమైన ప్రశ్న వచ్చింది. ప్రభుత్వము పాత వైద్య కోర్సును తీసివేసి, డిగ్రీ స్థాయి లేనిదే పాఠశాల నిలువదన్నది. అంత ఖర్చు స్త్రీల కళాశాల ఒంటరిగా భరించలేదు. పురుషులను చేర్చుకొనుటకు ఐడా గారు చివరకు సమ్మతించారు. స్త్రీల కొరకని అడిగి తెచ్చిన సొమ్మును వేరొక దానికి మళ్లించరాదని పీబాడీ గారు గట్టిగా ఎదిరించారు. ఇరువురు స్నేహితురాండ్రు దూరమయ్యారు. ఎవరిది తప్పని మనము తీర్పు తీర్చలేము. ఒకరు రోగుల అవసరము చూశారు, ఒకరు దాతలకిచ్చిన మాట చూశారు. డెబ్బది దాటిన వయస్సులో ఐడా గారు మరల అమెరికాలో ఊరూరా తిరిగి చందాలు అడిగారు. 1942లో డిగ్రీ చదువు, 1947లో పురుషుల ప్రవేశము మొదలయ్యాయి. విశాఖపట్నమునకు చెందిన డాక్టర్ హిల్డా లాజరస్ గారు ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరు అయ్యారు. ఐడా గారు 1960 మే నెలలో కొడైకనాల్‌లో ప్రభువునందు నిద్రించారు.

నేడు ఆ ఆసుపత్రి ముఖ్యంగా రోగులు చెల్లించే రుసుముతోనే నడుచుచున్నది. ఇవ్వగలవాడు ఇచ్చినదానిలోనుండి ఇవ్వలేనివానికి వైద్యము జరుగుచున్నది. కానుకల పాలు చిన్నదే గాని, దానితో లేచేవి పెద్దవి.

మన సంఘములోను రోగుల సహాయార్థము కానుక పట్టుచున్నాము. విధవరాలి రెండు కాసులను ప్రభువు చూచినట్లు, ఆ కాసులు ఎక్కడికి పోయినవో కూడ ఆయన చూచును. గనుక ఏ పనికని అడిగామో పుస్తకంలో వ్రాయుదము. అవసరము మారినచో, ఖర్చు చేయక ముందే ఇచ్చినవారిని అడుగుదము. సంవత్సరాంతమున లెక్క సంఘము ఎదుట చదువుదము.