సెసిల్ కింబర్

2019 నుంచి మన దేశపు రహదారులపై ఎం.జి. అనే రెండక్షరాల పేరు గల కార్లు తిరుగుతున్నాయి. అష్టభుజిలో ఒదిగిన ఆ అక్షరాలు నేడు ఒక చైనా సంస్థకు చెందినవి. అవి పుట్టింది మాత్రం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో. ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్. మోరిస్ ఆ గ్యారేజీల యజమాని. ఆయన పేరును స్పోర్ట్స్ కార్ల లోకంలో చిరస్థాయిగా నిలిపినవాడు ఆయన వద్ద ఉద్యోగిగా ఉన్న సెసిల్ కింబర్.

కింబర్ 1888 ఏప్రిల్ 12న లండన్‌లో జన్మించాడు. తండ్రిది ముద్రణ సిరా వ్యాపారం. యౌవనంలో మోటారు సైకిలు ప్రమాదంలో కుడికాలికి తీవ్రమైన గాయమై, ఆ కాలు శాశ్వతంగా పొట్టిదయింది. నష్టపరిహారంగా వచ్చిన ధనంతో ఆయన చేసిన పని విచిత్రమైనది: ఒక సింగర్ కారు కొన్నాడు. తరువాత కొన్ని మోటారు సంస్థలలో పనిచేసి, 1921లో మోరిస్ గ్యారేజెస్‌లో అమ్మకాల అధికారిగా చేరాడు. మరుసటి సంవత్సరమే దాని నిర్వాహకుడయ్యాడు.

ఆ సంస్థ పని మోరిస్ కార్లను అమ్మడం, మరమ్మతు చేయడం. కింబర్ అంతటితో తృప్తి పడలేదు. సాధారణమైన మోరిస్ కారు చట్రాన్ని, ఇంజనును తీసుకొని, మార్పులు చేసి, అందమైన దేహాన్ని తొడిగి అమ్మసాగాడు. సొంత ఇంజనును రూపొందించే స్తోమత ఆయనకు లేదు. ఉన్నవాటిలో తగినదానిని ఎన్నుకోవడమే ఆయన విద్య.

ఈ ఎంపిక వెనుక ఒక పన్ను ఉన్నది. ఆనాటి బ్రిటన్‌లో కారుపై ఏటా హార్స్‌పవర్‌కు ఒక పౌండు చొప్పున పన్ను విధించేవారు. అయితే ప్రభుత్వం లెక్కించే హార్స్‌పవర్ ఇంజను నిజమైన శక్తి కాదు. సిలిండర్ల వ్యాసాన్ని, సంఖ్యను బట్టి కట్టిన అంకె మాత్రమే. పిస్టన్ ఎంత దూరం కదిలినా లెక్కలోకి రాదు. అందువల్ల సిలిండర్లు సన్నగా, పొడవుగా తయారయ్యాయి. కార్ల పేర్లలోకి కూడ ఈ లెక్క ప్రవేశించింది. ఎం.జి. 14/28 అన్న పేరులో మొదటి అంకె పన్నుకు, రెండవది అసలు శక్తికి గుర్తు.

1927లో మోరిస్ వుల్స్‌లీ అనే సంస్థను కొన్నాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో హిస్పానో సూయిజా విమాన ఇంజన్లను నిర్మించిన అనుభవం ఆ సంస్థది. ఆ పరిజ్ఞానంతో, క్యామ్‌షాఫ్ట్ తలపైన అమరిన 847 సి.సి. చిన్న ఇంజనును అక్కడ తయారుచేసి మోరిస్ మైనర్ అనే చౌక కారులో పెట్టారు. కుటుంబాల కోసం ఉద్దేశించిన ఆ ఇంజనులో కింబర్‌కు పరుగు కనిపించింది. దానిని తేలికైన రెండు సీట్ల కారులో అమర్చి, 1928 అక్టోబరులో లండన్ ప్రదర్శనలో ఉంచాడు. పేరు మిడ్జెట్, అంటే మరుగుజ్జు. ధర 175 పౌండ్లు. ధనవంతుల వినోదంగా ఉండిన స్పోర్ట్స్ కారు మధ్యతరగతి యువకునికి అందుబాటులోకి వచ్చింది. ఆ తొలి నమూనాయే 3,200కు పైగా తయారయింది.

ఈ వామనుడు ఎదిగిన తీరు ఆశ్చర్యకరం. 1931 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని మోంలేరీ పందెపు బాటపై, 750 సి.సి. లోపు ఇంజను గల ఎం.జి. కారును జార్జ్ ఈస్టన్ గంటకు 100 మైళ్లకు మించిన వేగంతో నడిపాడు. ఆ తరగతిలో అంత వేగం అదే ప్రథమం. 1933లో మాగ్నెట్ కార్లు ఇటలీలోని మిలె మిలియా పందెంలో తమ తరగతిలో మొదటి స్థానాన్ని, జట్టు బహుమతిని కూడ గెలుచుకొన్నాయి.

మన ప్రబంధాలలో కృతిభర్త పేరు ఎంత ఘనంగా వినిపించినా, ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరు చెప్పుకొనే అవకాశం ఉన్నది. మిడ్జెట్, మాగ్నా, మాగ్నెట్ అని పేర్లు వచ్చాయి. ఎం, జె, కె, పి అని అక్షరాలు వచ్చాయి. కింబర్ పేరు మాత్రం ఏ కారుపైనా రాలేదు. పేరు లేకపోవడం కాదు, హక్కు లేకపోవడమే ఆయనను దెబ్బతీసింది.

1935లో మోరిస్ తన సొంత ఆస్తిగా ఉన్న ఎం.జి.ని మోరిస్ మోటార్స్‌లో కలిపివేశాడు. పందేల విభాగం మూతపడింది. ఆబింగ్డన్‌లోని కర్మాగారం మిగిలింది గాని, నమూనాల రచన అక్కడినుండి తరలిపోయింది. ఇంజను ఎంపికపై కింబర్ మాటకు పూర్వపు బలం లేదు. 1936లో వచ్చిన టి.ఎ. మిడ్జెట్‌లో, తలపై క్యామ్‌షాఫ్ట్ లేని 1292 సి.సి. వుల్స్‌లీ ఇంజనును వాడారు. పాత అభిమానులు నొచ్చుకొన్నారు. అయినా ఆ కారు బాగానే అమ్ముడుపోయింది. వారి కోపంలో కొంత అభిమాన దోషం కూడ ఉన్నదనాలి.

యుద్ధం వచ్చి కార్ల తయారీ ఆగింది. కర్మాగారం ఖాళీగా ఉండరాదని కింబర్ అల్బిమార్ల్ యుద్ధవిమానం ముందుభాగాలను తయారుచేసే పని ఒప్పుకొన్నాడు. పైవారి అనుమతి లేకుండా ఒప్పుకొన్నాడన్న కారణంతో 1941 నవంబరులో ఆయనను ఉద్యోగం నుండి తొలగించారు. ఇరవై సంవత్సరాల సేవ అలా ముగిసింది. తరువాత ఆయన పిస్టన్లు తయారుచేసే ఒక సంస్థలో చేరాడు. ఆ సంస్థ పనిమీదనే ప్రయాణమై, 1945 ఫిబ్రవరి 4న లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషనులో రైలెక్కాడు. స్టేషను దాటగానే సొరంగంలోని ఎత్తులో చక్రాలు జారి, రైలు వెనుకకు దొర్లింది. చివరి పెట్టె పట్టాలు తప్పింది. మరణించిన ఇద్దరిలో కింబర్ ఒకడు.

ఆ సంవత్సరం శరదృతువులోనే ఆబింగ్డన్ నుండి టి.సి. మిడ్జెట్ వెలువడింది. 1949 వరకు 10,000 తయారై, అనేకం విదేశాలకు చేరాయి. ఆబింగ్డన్ కర్మాగారం 1980లో మూతపడింది. ఆ ఊరిలో ఎం.జి. కార్ల అభిమానుల సంఘానికి ఒక భవనం ఉన్నది. దాని పేరు కింబర్ హౌస్.