సర్ నార్మన్ గ్రెగ్

శిశువు అంగలోపముతో జన్మించినచో తల్లిని నిందించుట లోకమున చిరకాలముగా నున్నది. గ్రహణవేళ ఆమె బయటికి వచ్చినదని కొందరును, పూర్వజన్మ పాపమని కొందరును అనుచుందురు. పాశ్చాత్య వైద్యులు సైతము ఇట్టి లోపములలో పెక్కు వంశపారంపర్యముగా వచ్చునవియే యని తలంచుచుండిరి. ఈ భ్రాంతిని తొలగించిన మహనీయుడు నార్మన్ మెకాలిస్టర్ గ్రెగ్.

గ్రెగ్ 1892 వ సంవత్సరము మార్చి 7 వ తేదీన ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగర ప్రాంతమునందు జన్మించెను. అతడు చదువునందును, క్రికెట్టు, టెన్నిసు ఆటలయందును సమానముగా రాణించెను. 1915 లో సిడ్నీ విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును పొంది, మొదటి ప్రపంచ సంగ్రామమున సైనిక వైద్యుడుగా పనిచేసి, తన సాహసమునకు మిలిటరీ క్రాస్ అను పతకమును బడసెను. యుద్ధానంతరము ఇంగ్లండులో నేత్రవైద్యము నభ్యసించి, స్వదేశమునకు మరలి, సిడ్నీలోని పిల్లల వైద్యశాలలో నేత్రవైద్యుడయ్యెను.

1941 లో ఆయనయొద్దకు కన్నులలో శుక్లములు గల పసికందులు ఒకరి వెంట నొకరు రాసాగిరి. శుక్లములు ముదిమియందు వచ్చుట సహజము; పుట్టుకతోనే వచ్చుట అరుదు. ఆ శిశువులలో పెక్కుమంది మిగుల చిన్నవారు. పాలు సరిగా త్రాగలేకుండిరి. అనేకులకు గుండెయందును లోపము కలదు. వారందరు వేర్వేరు కుటుంబములవారు. వంశదోషమే కారణమైనచో ఇందరికి ఒక్కమారుగా ఏల రావలెను? ఈ ప్రశ్న గ్రెగ్‌ను వదలలేదు.

ఒకనాడు తమ వంతుకై వేచియున్న తల్లులు మాటలాడుకొనుచుండగా ఆయన వినెనని చెప్పుదురు. గర్భవతులుగా నున్నపుడు తమకు రుబెల్లా వచ్చినదని వారు అనుకొనుచుండిరట. రుబెల్లా తట్టును పోలిన వ్యాధి. స్వల్పజ్వరము, దేహముపై ఎఱ్ఱని దద్దులు కనిపించి, కొలది దినములలో మాసిపోవును. దానిని ఎవరును లెక్కచేయకుండిరి. 1940 లో ఆ వ్యాధి ఆస్ట్రేలియాలో విరివిగా వ్యాపించియుండెను.

గ్రెగ్ ఆ మాటలను పెడచెవిని బెట్టలేదు. తల్లులను ఓర్పుతో ప్రశ్నించెను. తోడి వైద్యులనుండియు వివరములు సేకరించెను. మొత్తము 78 మంది శిశువులలో 68 మంది తల్లులకు గర్భకాలమున రుబెల్లా వచ్చినట్లు తేలెను. అదియు అధికముగా తొలి మాసములందే. 1941 అక్టోబరులో మెల్‌బోర్న్ నగరమున నేత్రవైద్యుల సభలో ఆయన ఈ విషయమును ప్రకటించెను.

పెద్దలు కొందరు వెంటనే నమ్మలేదు. ఇది ఇంకను నిరూపితము కాలేదని 1944 లో లండను వైద్యపత్రిక లాన్సెట్ అభిప్రాయపడెను. గ్రెగ్ నిరుత్సాహపడలేదు. ఇతర వైద్యుల పరిశోధనలును ఆయన మాటనే బలపరచెను. అట్టి శిశువులలో చెవుడును కలదని తెలియవచ్చెను. 1951 లో లాంకాస్టర్ అను గణాంక శాస్త్రజ్ఞుడు పాత జనాభా లెక్కలను శోధించి, రుబెల్లా వ్యాపించిన కాలములందు పుట్టినవారిలో బధిరులు హెచ్చుగా నుండుటను చూపెను.

ఇట్లు జరుగుటకు కారణమేమి? రుబెల్లా ఒక వైరస్ వలన కలుగును. అది తల్లి రక్తమునుండి మావి ద్వారా గర్భస్థశిశువును చేరును. మొదటి మూడు మాసములు కన్ను, చెవి, గుండె రూపొందు కాలము. అప్పుడు వైరస్ కణములను చెఱచి, వాని వృద్ధిని మందగింపజేయును. అందుచేత అవయవములు లోపించుటయేగాక శిశువు ఎదుగుదలయు కుంటుపడును. తల్లికి కొలది దినముల జ్వరము, బిడ్డకు జీవితకాలపు కష్టమగును. ఇందు తల్లి దోషమేమియు లేదు.

1953 లో గ్రెగ్‌కు సర్ బిరుదము లభించెను. 1962 లో శాస్త్రజ్ఞులు రుబెల్లా వైరస్‌ను వేరుపరచిరి. 1966 జూలై 27 న గ్రెగ్ స్వర్గస్థుడయ్యెను. 1969 లో అమెరికాలో ఈ వ్యాధికి టీకా వాడుకలోనికి వచ్చెను. దానిని ఆయన చూడలేకపోయెను.

ఆంధ్రప్రదేశ్‌లో 2017 ఆగస్టున తట్టు, రుబెల్లా వ్యాధులకు కలిపి టీకాలు వేయు ఉద్యమము ఆరంభమయ్యెను. తొమ్మిది మాసములు నిండినది మొదలు పదునైదేండ్లలోపు బాలబాలికలు దీనికి అర్హులైరి. గర్భవతులకు ఈ టీకా వేయరాదు గనుక బాల్యముననే వేయించుట మేలు. నేడు నల్లమల యంచున నున్న పెద్దదోర్నాలలో ఒక బాలిక ఈ టీకా వేయించుకొన్నచో, రేపు ఆమెకు పుట్టబోవు బిడ్డ చూపునకును అది రక్షయగును. ఆ రక్షకు మూలము, తల్లుల మాటలను చెవియొగ్గి విన్న ఒక వైద్యుని శ్రద్ధ.