రైలు స్టేషనులో రంగుల వెలుగు: మార్సెల్ ఫెరాన్

రంగు అద్దాల కిటికీ అనగానే మనకు దేవాలయమే జ్ఞాపకమునకు వస్తుంది. ఆ కళను భూగర్భ రైలు స్టేషనులో నిలిపిన ఒక స్త్రీని గూర్చి ఈ నాలుగు మాటలు. సంఘాధికారమును ఎదిరించిన వ్యక్తి కథ మన శతవార్షిక సంచికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. ముందుగా చదివి చూడండి.

మార్సెల్ ఫెరాన్ 1924 జనవరి 29న కెనడాలోని క్విబెక్ రాష్ట్రమందు లూయిస్‌విల్ అను ఊరిలో జన్మించారు. ఏడేండ్ల ప్రాయములో తల్లిని పోగొట్టుకొన్నారు. ఎముకల క్షయ సోకి, బాల్యములో చాలకాలము ఆసుపత్రి మంచముమీదనే గడిపారు.

ఆ దినములలో క్విబెక్‌లో బడులు, ఆసుపత్రులు చాలవరకు కాథలిక్ సంఘము చేతిలో ఉండేవి. 1948 ఆగస్టులో చిత్రకారుడు బోర్దువా ఆ పెత్తనమును ధిక్కరిస్తూ ఒక ప్రకటన వెలువరించగా, ఆయనతో కలిపి పదునారుగురు సంతకము చేశారు. వారిలో ఫెరాన్ ఒకరు. బోర్దువాకు ఉపాధ్యాయ ఉద్యోగము ఊడిపోయింది. బోధకుడనైన నాకు ఆ ప్రకటన అంతయు సమ్మతము కాదు. అయినను మనుష్యులను భయపెట్టి లోబరచుకొన్న సంఘము తన బిడ్డలనే పోగొట్టుకొన్నదని ఒప్పుకొనక తప్పదు.

1953లో భర్తకు దూరమై, ముగ్గురు కుమార్తెలను వెంటబెట్టుకొని ఫ్రాన్సు చేరారు. 1961లో సావో పాలో చిత్ర ప్రదర్శనలో వెండి పతకము వచ్చింది. తరువాత మిషెల్ బ్లమ్ అను గాజు కళాకారునితో పరిచయమై, ఆ పనిలో దిగారు. 1966లో స్వదేశమునకు తిరిగివచ్చారు.

మాంట్రియల్ నగరపు మెట్రో ఆ ఏడాదియే ప్రారంభమైంది. అందలి కళాకృతులను పర్యవేక్షించిన లపాల్మ్‌గారికి నగర చరిత్రలోని ఘట్టములే కావలెను. శాం ద్ మార్స్ స్టేషనుకు ఫెరాన్ 1968లో అమర్చిన గాజుగోడలో మనిషి లేడు, కథ లేదు. ఎరుపు, నీలము, పసుపు రంగుల పెద్ద పెద్ద రూపములే. ఆ మెట్రోలో ఇట్టి బొమ్మలేని కృతులలో మొదటివాటిలో అది ఒకటి. పాత పద్ధతిలో రంగు ముక్కలను సీసపు పట్టీలతో కూర్చేవారు. ఆమె వాటిని పారదర్శకమైన పలకల నడుమ పొదిగి, అతుకులు కనబడనీయలేదు. అందువలన వెలుగు అడ్డులేక లోపలికి వస్తుంది.

1983లో క్విబెక్ ప్రభుత్వపు బోర్దువా బహుమానము ఆమెకు లభించింది. స్త్రీలలో మొదట అందుకొన్నది ఆమెయే. 2001 నవంబరు 19న మరణించారు. ఎండ కాసిన ఉదయము ఆ స్టేషనులో దిగేవారి చొక్కాలమీద, చేతిసంచులమీద నేటికిని ఆ రంగులు పడుచున్నవి.