వైద్య శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. బాల్యంలో ఆయనకు చదువుపై ధ్యాస నిలువలేదు. కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని పదమూడవ ఏట ఇల్లు విడిచిపోగా, పెద్దలు వెదకి తీసుకువచ్చారు. మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించాక సన్యసించాలని తలచారు గాని తల్లి అంగీకరించలేదు.

మద్రాసు వైద్య కళాశాలలోనూ పరీక్ష ఆయనకు కలిసిరాలేదు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించిన ఆ విద్యార్థిపై శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం కలిగింది. వ్రాతపరీక్షలలో రాణించినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే జీర్ణవ్యాధితో మరణించారు. ఆనాడు దానికి తగిన మందు లేదు.

1922లో భార్య శేషగిరిని స్వదేశంలోనే ఉంచి ఆయన బోస్టన్ చేరారు. ఆ పట్టాతో అక్కడ వైద్యుని కొలువు లభించదు. రాత్రివేళ ఆసుపత్రిలో ఊడిగం చేస్తూ హార్వర్డులో చదివారు. తరువాత సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో రక్తమూత్రాలలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పనికి పూనుకున్నారు. ఫాస్ఫేటు గల ద్రవానికి ఆమ్లంలో మాలిబ్డేటును, తరువాత ఒక క్షయకరణిని చేర్చితే నీలిరంగు పుడుతుంది. ఆ క్షయకరణి ఒక కర్బన సమ్మేళనం. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. వినడానికి సులభమే, కాని ప్రతిమారూ ఒకే ఫలితం రావాలంటే ఎంతో ఓర్పు కావాలి. 1925లో వెలువడిన ఈ పద్ధతి విద్యార్థుల ప్రయోగశాలలకు సైతం చేరి, ఇద్దరి పేర్లతో ప్రసిద్ధమైంది.

కండరాలపై ఇదే కొలతను ప్రయోగించగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. బయటపడ్డాయి. జర్మనీలో లోమన్ కూడా అదే ఏట ఏ.టి.పి.ని కనుగొన్నారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుండే లభిస్తుందన్న అప్పటి భావన దీనితో సడలిపోయింది.

1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలో పరిశోధకులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అన్నను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది ఔషధమైంది. బోదకాలు వ్యాధిపై పనిచేసే డైఇథైల్ కార్బమజీన్ 1947లో వెలువడింది. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, ఆయన న్యూయార్కులో కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానేలేదు. అనంతరకాలంలో ఆంధ్ర జిల్లాలలో బోదకాలు నివారణకు ఇంటింటా పంచిన డి.ఇ.సి. మాత్రలలో ఉన్నది ఆ మందే.